ఆకుపచ్చ వియ్యంకులు

భిలాయి సెక్టర్ 4లో కాపురముంటున్న తెలుగువారు తర్కానికి నిలబడని దేన్నీ సహించరని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమైనది.

తొంభైల నడుమ, కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో, మా కేబుల్ ఆపరేటర్ లక్ష్మీప్రసాద్ ప్రతి ఆదివారం తన సొంత చానల్లో ‘గ్రహాంతర గృహప్రవేశం’ అనే మహత్తరమైన వైజ్ఞానిక సీరియల్ వేసేవాడు. తీసేదీ అతగాడే. పాడైపోయిన గీజరు రాకెట్టు. అందులో మనిషి ఎలా పట్టాడని ఎవరూ అడగలేదు. నెహ్రూ నగర్‌లో కడుతూ కడుతూ ఆపేసిన మేడ వేరే గ్రహం. హీరో మా గురునాథరావు గారబ్బాయి సురేశ్. ఒళ్ళంతా ఆకుపచ్చ పోస్టర్ కలర్ పూసుకున్న గ్రహాంతర రాకుమారి, వాళ్ళకి రెండు వీధుల అవతల ఉండే సామ్యూల్ గారమ్మాయి జాయ్.

అంత గొప్ప కథను ఊరికే చూసి ఊరుకోవడం బాధ్యతారాహిత్యం కాదూ? అందుకని ‘తర్క పరిరక్షణ సంఘం’ పెట్టుకున్నాం. అధ్యక్షులు గురునాథరావు గారే. ఉక్కు ప్లాంట్‌లో ఫోర్‌మన్. ఆయనకి ఎదురు చెప్పాలంటే మాకు భయం, ఆయన భార్య కన్నమ్మ గారికి సరదా. సీరియల్ అవగానే ఆయన వరండాలో చేరి, ఆ వారం కథలోని కన్నాలు వెతికేవాళ్ళం.

హీరో హెల్మెట్ లేకుండా అగ్నిపర్వతం దగ్గరికి వెళ్ళాడన్నది మొదటి అభ్యంతరం. మరుసటి వారం నుంచి హీరో నిద్రలో కూడా హెల్మెట్ తీయలేదు. రాకెట్టు బయల్దేరే ముందు సైరన్ మోగలేదన్నది రెండోది. మోగించారు. అది విని షిఫ్టు సైరననుకుని, పాపం, నలుగురు క్యారేజీలు పట్టుకుని సైకిళ్ళెక్కేశారు. మూడో వారం చచ్చిపోయిన హీరో, డిపార్ట్‌మెంటు పరీక్ష రాసొచ్చి అయిదో వారం బతికిరావడం మీద మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు. పరీక్షంటే పరీక్షే కదా! ఆ గ్రహంలో రాత్రిపూట ఆకాశం ఎర్రగా మండడం మీదా రాలేదు. ప్లాంట్‌లో నిప్పులాంటి స్లాగ్ పారబోసినప్పుడల్లా మా ఆకాశం చేసే పని అదే.

సురేశ్ ఆకుపచ్చ రాకుమారి మెళ్ళో తాళి కట్టిన ఆదివారం సెక్టర్ 4లో కళ్ళు తుడుచుకోనివాళ్ళు లేరు. ఎవరో గోత్రం సంగతేమిటని గొణిగారు. అధ్యక్షులు లేచి నిలబడ్డారు.

“ప్రేమకి గోత్రాలేటండి? కోటానుకోట్ల మైళ్ళవతల నుంచి ఆడకూతురు మనల్ని నమ్ముకునొచ్చింది. రంగు చూస్తామా, గుణం చూస్తామా? అలాటి కోడలు మా ఇంటికొస్తే నాను ఎర్రనీళ్ళు దిష్టితీసి మరీ లోపలికి తీసుకెళ్తాను!”

చప్పట్లు మోగాయి. తీర్మానం ఏకగ్రీవం.

సోమవారం సాయంత్రం సురేశ్ తండ్రి ముందు నిలబడ్డాడు. “నాన్నా, నిన్న నువ్వన్నది విని దిల్ ఖుష్ అయిపోయింది. నాను జాయ్‌ని చేసుకుంటాను. సీరియల్లో కాదు, సచ్‌ముచ్.”

“సామ్యూల్ కూతుర్నా?” గురునాథరావు గారు టీ గ్లాసు కింద పెట్టేశారు. “ఒరే, దేనికైనా లాజిక్కుండాల! వాళ్ళేటి, మనమేటి? ఎవడైనా నమ్ముతాడేట్రా?”

అత్యవసర సమావేశం జరిగింది. ఒక గ్రహం మనిషి ఇంకో గ్రహం పిల్లని చేసుకోవడం సహజమనీ, ఒక వీధి మనిషి ఇంకో వీధి పిల్లని చేసుకోవడం కథలో పెద్ద కన్నమనీ తేల్చాం. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని పెద్దలు ఊరికే అన్నారా!

సురేశ్ తిండి మానేశాడు. అటు సామ్యూల్ గారు కూడా తమవాళ్ళలో తలెత్తుకోలేనని కాకినాడ సంబంధం ఖాయం చేసే పనిలో పడ్డారు. జాయ్ ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి షూటింగుకి రాలేదు. మాకు కడుపు తరుక్కుపోయింది. సీరియల్ ఆగిపోయింది మరి.

చివరికి కన్నమ్మ గారే వరండాలోకి వచ్చారు. “ఏటయ్యా మీ గోల? పచ్చ పిల్లయితే పర్లేదన్నారు గదా! ఆ పిల్లకి ఆ రంగే పూసి పెళ్ళి చేసేయండి. గొడవొదిలిపోద్ది.”

ఆవిడ వెటకారమాడిందని ఇప్పటికీ కొందరి అనుమానం. సంఘం మాత్రం సూచనగా స్వీకరించింది. గ్రహాంతరవాసికి కులం లేదు, మతం లేదు, శ్రీకాకుళంలో సమాధానం చెప్పుకోవాల్సిన చుట్టాల్లేరు. పురోహితుణ్ణి అడిగితే, “నవగ్రహాలకి రోజూ పూజలు చేస్తన్నాం. పదో గ్రహంతో వియ్యం తప్పేటి?” అన్నారు. ఒక్కటే చిక్కు. కూతురు పచ్చగా ఉండి తల్లిదండ్రులు మామూలుగా ఉంటే తర్కం చెడుతుంది. కాబట్టి ఇంటిల్లిపాదీ పచ్చరంగు పూసుకోవాలి.

ఈ సంగతి చెప్పడానికి గుంపుగా వెళ్ళాం. సామ్యూల్ గారు అంతా విన్నారు. ఆయనా, గురునాథరావు గారూ ఏళ్ళ తరబడి ప్లాంట్‌లో ఒకే షాపులో, ఒకే షిఫ్టులో పనిచేస్తున్నవాళ్ళు.

“గురునాథం, ఇన్నేళ్ళూ నా క్యారేజీలో చేపల పులుసు తిన్నావు కదా,” అన్నారు. “అప్పుడు నేనే గ్రహం వాణ్ణి?”

ప్రశ్న కథకు సంబంధించినది కాదు గనక మేం పక్కన పెట్టాం. తలుపు చాటున జాయ్ నిలబడి ఉంది. సామ్యూల్ గారు కూతురి ముఖంలోకి కాసేపు చూసి, “రంగు మీరే తెస్తారా?” అని మాత్రం అడిగారు.

మే నెలలో పగటి ముహూర్తానికి పెళ్ళయింది. వేరే గ్రహం నుంచి విచ్చేసిన పెళ్ళివారికి పానకాలిచ్చి ఎదురెళ్ళాం. విందులో వియ్యంకులిద్దర్నీ పక్కపక్కనే కూర్చోబెట్టాం. భిలాయి ఎండ సంగతి తెలిసిందేగా! సామ్యూల్ గారి నుదుటి మీంచి రంగు చారలుగా కారి పాయసంలో పడింది. కారినచోటల్లా మాకు బాగా తెలిసిన మనిషి బయటపడసాగాడు. మేమంతా తలలు వంచుకుని పప్పు కలుపుకున్నాం.

జాయ్ లేచి వచ్చింది. పట్టుచీర చెంగుతో తండ్రి ముఖం శుభ్రంగా తుడిచింది. తర్వాత తనదీ తుడుచుకుంది. మూడు ముళ్ళూ ఎప్పుడో పడిపోయాయి. గురునాథరావు గారు వియ్యంకుడి ముఖం చూశారు, మా ముఖాలు చూశారు.

“ఒరే, మా బావగారికి ఇంకాస్త పప్పెయ్యండి,” అన్నారు. “పచ్చగా ఎంత కళగా ఉన్నారో!”

అవునవునన్నాం.

మరుసటి ఆదివారం సంఘం పెళ్ళిని సమీక్షించింది. చెమటకి ఆగదని తెలిసీ పోస్టర్ కలర్ వాడారు, ఆయిల్ పెయింట్ వాడాల్సింది అన్న ఒక్క లోపం తప్ప అంతా తర్కబద్ధంగా జరిగిందని తేలింది. చదువుతుంటే మీకూ అదే అనిపించి ఉంటే మొహమాటపడకండి, సభ్యత్వం ఇస్తాం. అసలు రంగెందుకని అడిగే సభ్యుడి కోసం కూడా వరండాలో ఒక కుర్చీ వేసి ఉంచాం. ప్రస్తుతం దాని మీద అధ్యక్షులు తువ్వాలు ఆరేసుకుంటున్నారు.