అరువిచ్చిన కార్డు

ఆ రోజు పొద్దున అనుకున్న పని బహు చిన్నది. తాళాలు బాగుచేసే ఆయన తన భార్యను పెద్దాసుపత్రిలో చూపించాలి, మందులు తెచ్చుకోవాలి, మధ్యాహ్నానికి కొట్టు తెరవాలి. ఆవిడకు నెలల తరబడి నాలుగు మెట్లెక్కితే ఆయాసం, నడుం వాలిస్తే దగ్గు. మరి ఇన్నాళ్ళూ ఏం చేశారయ్యా అంటే, కార్డు లేదు. కార్డు లేనివాళ్ళను గేటు దగ్గరే తరిమేస్తారని ఆ వీధిలో అందరికీ తెలుసు. ఆ సంగతి ఎవరు చెప్పారో మాత్రం ఒక్కరికీ తెలియదు.

కార్డున్నది పక్కింటి దర్జీకి. ఆయన భార్య పనిచేసే బట్టల కంపెనీవాళ్ళు మొగుడూపెళ్ళాలిద్దరికీ కలిపి ఆరోగ్య బీమా చేయించారు. అడగడానికి తాళాలాయనకు మొహమాటం. ఆ మొహమాటంలోనే నెలలు దొర్లిపోయాయి. చివరికి దర్జీ భార్యే గోడ మీంచి చెయ్యి చాపింది. "నా షుగరు బిళ్ళలకి తప్ప దీన్ని వాడిందెక్కడ? ఏడాది దాటితే మిగిలిందంతా మురిగిపోతుందట. ఊరికే పోగొట్టుకునే బదులు నువ్వు పట్టుకెళ్ళమ్మా!" ఆ రెండిళ్ళ మధ్య నిచ్చెన, గొడుగు, ఇస్త్రీపెట్టె ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. కార్డూ అలాగే గోడ దాటింది.

కార్డు మీద దర్జీ భార్య ఫొటో చూస్తే ఎవరో ఆడమనిషి అని తెలుస్తుంది, అంతే. దర్జీ ఫొటో మాత్రం, ఖర్మ కాకపోతే, మీసంలో వెంట్రుకలతో సహా పడింది. కౌంటరులో కుర్రాడు తోడుకొచ్చిన దర్జీ మొహం చూశాడు, కార్డు చూశాడు.

"మీరు భర్త. సంతకం పెట్టండి. మరి ఈయనెవరు?"

"నేను... అన్నయ్యనండీ," అన్నాడు తాళాలాయన.

"ఎవరికి?"

"ఈవిడకే."

మగవాళ్ళిద్దరూ మామూలుగా ఒకరినొకరు "బావా" అనుకుంటారు. ఎటు తిప్పినా ఆ ఒక్క వరస సరిపోయింది, అదో అదృష్టం.

డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి మొహం చిట్లించాడు. వెంటనే మంచం ఇచ్చేశారు. వార్డులోకి భర్త ఒక్కడికే ప్రవేశం. తక్కిన చుట్టాలు సాయంత్రం కాసేపు చూసిపోవాలి. అలా దర్జీ లోపలికెళ్ళాడు, కట్టుకున్నవాడు గేటు బయట కాపలావాడి బల్ల పక్కన కూలబడ్డాడు.

"షుగరుంది కదూ?" అన్నాడు డాక్టరు ఆ కార్డు తాలూకు పాత కాగితాలు తిరగేస్తూ.

పొద్దుట్నుంచీ అబద్ధాలాడి అలిసిపోయిన దర్జీకి, పాపం, ఒక్క నిజం చెప్పే అవకాశం దొరికింది. "ఉందండీ, రెండేళ్ళుగా," అన్నాడు. అది ఆయన భార్య సంగతి. బిళ్ళలు మాత్రం ఈవిడ మింగింది.

సాయంత్రం ఆవిడ "అన్నయ్యా, కాసిని మంచినీళ్ళు," అంది దర్జీతో.

నర్సు ఆగిపోయింది. "మీ ఆయన్ని అన్నయ్యంటారేంటమ్మా?"

"అలవాటండీ," అన్నాడు దర్జీ చెమట తుడుచుకుంటూ. అంతలో తాళాలాయన చూడడానికొచ్చాడు. ఆయన్ను చూడగానే ఆవిడ మొహం విప్పారింది. "ఏవండీ, అన్నం తిన్నారా?" అంది. నర్సు ఇద్దరినీ మార్చి మార్చి చూసి, పేషెంటుకు మతి తడబడుతోందని రాసి పెట్టింది.

ఆ రాతే కొంప ముంచింది. మర్నాడు మధ్యాహ్నం ఆవిడకు ఒళ్ళంతా చెమటలు, వణుకు, పొంతన లేని మాటలు. దర్జీ పరుగెత్తుకెళ్ళి చెబితే, "నిన్నట్నుంచీ అంతేగా, రాసే ఉంది," అని నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది. దర్జీకి అప్పుడు వెలిగింది. గేటు దగ్గరికి పరుగు తీశాడు.

"బావా, చెల్లెమ్మకి షుగరుందా?"

"లేదే! ఏం?"

"మా ఆవిడ బిళ్ళలు వేసేశారు బావా. నిజం చెబితే ఇద్దర్నీ లోపలేస్తారేమో..."

"వెయ్యనీ! అది బతికితే చాలు నాకు," అంటూ తాళాలాయన గేటు తోశాడు. భర్త తప్ప ఎవరూ వెళ్ళకూడదని కాపలావాడు అడ్డం పడ్డాడు. "నేనేరా భర్తని!" అని ఆయన పెట్టిన కేకకు వార్డు వార్డంతా లేచి కూర్చుంది.

డాక్టరు గ్లూకోజు ఎక్కించాడు. ఆవిడ కళ్ళు తెరిచింది. దర్జీకి చీవాట్లు పడ్డాయి, నర్సుకు అంతకన్నా ఎక్కువ పడ్డాయి. ఆ తర్వాత డాక్టరు తాళాలాయన్ను పక్కకు పిలిచాడు. "షుగరు గండం గడిచింది. కానీ గుండె బాగా పాడైపోయింది. నాలుగైదు నెలల ముందు తెచ్చుంటే బాగుచేసేవాళ్ళం."

"కార్డు లేక తేలేదండీ."

"దీనికి కార్డెందుకయ్యా? గుండె జబ్బుకి ఇక్కడ అందరికీ ఉచితమే. ఎవరూ చెప్పలేదా?"

ఎవరు చెబుతారు? తాళాలాయన గోడకానుకుని చంటిపిల్లాడిలా ఏడ్చాడు. కౌంటరుకెళ్ళి పేరు మార్పించుకోమన్నాడు డాక్టరు. ఆయన వెళ్ళలేదు. మంచం దగ్గర కూర్చునే వీలు ఇప్పటికి దొరికింది, ఎలా వెళతాడు? ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని, "ఇప్పుడు మిమ్మల్ని ఏమని పిలవచ్చండీ?" అంది నవ్వుతూ. "నీ ఇష్టం," అన్నాడు. ఆ మర్నాడు ఆవిడ పోయింది.

పోయింది కూడా అరువు పేరు మీదే. దర్జీ భర్తగా సంతకం పెట్టి శవాన్ని తీసుకున్నాడు. దర్జీ భార్య తన పేరున్న మరణ పత్రం చేత్తో పట్టుకుని, అందరికన్నా గట్టిగా ఏడ్చింది. ఆవిడ ఏడుపులో అణువంత నటన లేదు.

నెలాఖరున ఆవిడ బిళ్ళల కోసం వెళ్ళింది. కౌంటరు కుర్రాడు కంప్యూటరు చూశాడు. "మీరు పోయారమ్మా."

"పోయినదాన్ని బిళ్ళలకెందుకొస్తాను నాయనా?"

"నాకేం తెలుసమ్మా? పోయినవాళ్ళ తాలూకు మనిషి వచ్చి చెప్పాలి."

ఆవిడ మాత్రల్లేకుండా కళ్ళు తిరిగి ఇంటి గుమ్మంలో కూలబడితే, తాళాలాయన కొట్టు మూసి ఆవిడను వెంటబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. దర్జీ కూడా వచ్చాడు గానీ, కుర్రాడికి మొహం చూపించలేక బయటే ఆగిపోయాడు. తన భార్య పోయిందన్న మాట తాళాలాయన అంతవరకూ ఎవరితోనూ పైకి అనలేదు. కౌంటరు ముందు నిలబడి అన్నాడు.

"ఆ రోజు చనిపోయింది ఈవిడ కాదండీ. మా ఆవిడ."

కుర్రాడు కంప్యూటరులో వెతికాడు. "మీరు అన్నగారని ఉందండీ. అన్నగారి మాట చెల్లదు, భర్తే వచ్చి చెప్పాలి. ఉన్నారా ఆయన?"

"ఉన్నాడు," అని తాళాలాయన దర్జీని పిలుచుకు రావడానికి బయటికి నడిచాడు.