బల్ల కింద విదేశీ హస్తం

"ఒమేరో, ఈ మాంటెవీడియోలో నేరస్థులు ఇంకా హాయిగా నిద్రపోతున్నారంటే కారణం ఒక్కటే. వాళ్ళ కేసులు నా దాకా రాలేదు," అని ప్రకటించాడు వాల్దెమార్ పిరిస్. మా వంటింట్లో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. చంకలో వేణ్ణీళ్ళ ఫ్లాస్కు, చేతిలో మాతే టీ బుర్ర.

అతన్ని వీధంతా ఇన్‌స్పెక్టర్ అంటుంది. అందులో అబద్ధమేమీ లేదు. సిటీ బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్‌గానే రిటైరయ్యాడు. ఆ బస్సులు నడిపింది నేను. టికెట్ కొననివాణ్ణి మొహం చూసి పట్టేస్తానని సర్వీసంతా చెప్పుకున్నాడు. అలా మొహం చూసి ఒకసారి మా డిపో మేనేజర్‌నే నడివీధిలో దింపేశాడు. అప్పట్నుంచి అతని మాటలకు నేను తలాడించి ఊరుకోవడం అలవాటు చేసుకున్నాను.

ఈసారి అలా ఊరుకోలేకపోయాను, ఎందుకంటే కేసు మా ఇంట్లోనే ఉంది.

మా అమ్మాయి నోయెలియా ఇంటి నుంచే దుబాసీ పని చేస్తుంది. ఇక్కడి ఆస్పత్రులకు బ్రెజిల్ రోగులు వచ్చినప్పుడు వాళ్ళ పోర్చుగీసు డాక్టరుకీ, డాక్టరు స్పానిష్ వాళ్ళకీ కంప్యూటర్‌లో కూర్చుని చెబుతుంది. కొన్నాళ్ళుగా మాట మధ్యలో ఇంటర్నెట్ పుటుక్కున పోతోంది. మొన్న డాక్టరు "మీ కడుపులో ఉన్నది" అన్నంతలో పోయింది. మళ్ళీ కలిసి "గ్యాసు" అని చెప్పేలోపు రోగి కొడుకులిద్దరికీ ఆస్తి పంచేశాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరే మనిషిని చూసుకుంటామని కంపెనీ వాళ్ళు చెప్పేశారు. రిపేరుకొచ్చిన కుర్రాడు లైను దివ్యంగా ఉందని చెప్పి వెళ్ళిపోయాడు.

దివ్యంగా లేనిది బల్ల కింద. కంప్యూటరు వైరు, తెర వైరు, ఇంటర్నెట్ డబ్బా వైరు, దీపానిది, ప్రింటరుది, ఫోనుది, ఎప్పుడో పారేసిన ఫోనుది కూడా, అన్నీ నల్లవే, నెలలుగా దువ్వని జుట్టులా అల్లుకుపోయాయి. ఏది పీకితే ఏది ఆగుతుందో ఎవరికీ తెలీదు. చుట్టాలు చూస్తే బాగుండదని మా అత్తగారు ఎతెల్వినా బల్ల చుట్టూ నేల దాకా ఒక పూల గుడ్డ వేలాడదీసింది. అంతటితో ఆ గొడవ మా కళ్ళకు కనబడకుండా పోయింది.

వాల్దెమార్ గుడ్డ ఎత్తి చూసి, చాలాసేపు గడ్డం నిమురుకుని, "విదేశీ హస్తం" అన్నాడు.

"విదేశాలకి మా అమ్మాయితో ఏం పనిరా?" అన్నాను.

"ఆస్పత్రి రహస్యాలు. ఎవరికి ఏ జబ్బుందో తెలిస్తే దేశాన్ని ఆడించొచ్చు. నీకు బస్సు నడపడం తప్ప ఏం తెలుసు?"

ఆ రోజు నుంచి దర్యాప్తు మొదలైంది. పై అంతస్తులో డప్పు సాధన చేసే అబ్బాయి దరువుతో శత్రువులకు సంకేతాలు పంపుతున్నాడంటూ చెవి గోడకానించి విన్నాడు. ఇంటర్నెట్ పోయినప్పుడల్లా ఎక్కడున్నారో చెప్పమని మా అత్తగారిని నిలదీశాడు. "ఈ సోఫాలోనే నాయనా. మా ఆయన పోయినప్పట్నుంచీ ఇందులోనే ఉన్నాను," అందావిడ. నిర్దోషి వైర్లకు పచ్చ ఊలు, ముద్దాయి వైర్లకు ఎర్ర ఊలు కడతానని ఆవిడ అల్లిక బుట్ట తెచ్చుకున్నాడు. బుట్టలో ఎరుపొక్కటే ఉంది. దాంతో వైర్లన్నీ ముద్దాయిలే అయ్యాయి.

మర్నాడు వాన. నోయెలియాకి పెద్ద ఆస్పత్రి నుంచి పిలుపొచ్చింది. గదిలోకి ఎవరూ రావద్దని చెప్పి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంది. నేను గుమ్మం దగ్గరకొచ్చి చూస్తే పూల గుడ్డ కింద నుంచి రెండు బూటు అడుగులు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. వాల్దెమార్ ముందే లోపల చేరాడు. పిలిస్తే ఆ మాట డాక్టరుకి వినబడుతుంది. నోరు మూసుకుని గోడకు ఆనుకున్నాను.

లోపల జరిగింది తర్వాత అతనే చెప్పాడు. చీకట్లో చేతికి గుండ్రంగా, గట్టిగా, కాస్త వెచ్చగా ఏదో తగిలింది. కరెంటు పరికరమనుకుని ఫ్లాస్కు దాని మీద పెట్టాడు. పరికరం నడిచింది. ఫ్లాస్కు ఒరిగి వేణ్ణీళ్ళు అతని మోకాలి మీద పడ్డాయి. ఆ పరికరం నెమ్మదిగా ప్లగ్గుల పెట్టెలోకి తల దూర్చి, ఇంటర్నెట్ ప్లగ్గును సగానికి పైకి లేపింది. వాల్దెమార్ అరచేత్తో ఆ ప్లగ్గును నొక్కిపట్టుకున్నాడు. కాలు మండుతున్నా కిక్కురుమనలేదు.

సరిగ్గా అప్పుడే పైనుంచి నోయెలియా గొంతు వినబడింది.

"నిజం చెప్పండి డాక్టర్. నా కాలు తీసేస్తారా?"

దుబాసీలు రోగి మాటను 'నేను' అనే చెబుతారు. అది నాకు తెలుసు, వాల్దెమార్‌కి తెలీదు. డాక్టరు జవాబు హెడ్‌ఫోన్లలోనే ఉండిపోయింది. నోయెలియా దాన్ని పోర్చుగీసులో చెప్పింది. ఆ భాష అతనికి ఒక్క ముక్క రాదు. మళ్ళీ స్పానిష్‌లో, "కాలు లేకపోతే నేను నిచ్చెన ఎలా ఎక్కను? ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు," అంది. పూల గుడ్డ కదిలింది. లోపల ముక్కు ఎగపీల్చిన చప్పుడైంది. బూట్లు మాత్రం కదల్లేదు.

మాటలు చాలాసేపు సాగాయి. లైను ఒక్కసారి కూడా తెగలేదు. చివరికి నోయెలియా హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. మెడకి ఎర్ర ఊలు, నడుముకి ప్రింటరు వైరు చుట్టుకుని, కళ్ళనిండా నీళ్ళతో వాల్దెమార్ పాక్కుంటూ బయటికొచ్చాడు.

"ఏ కాలమ్మా?" అన్నాడు.

నోయెలియా ముందు భయపడింది, తర్వాత అర్థమై నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. ఆ రోగి సాల్టో ఊరి దగ్గర కడుతున్న ఇంటి మీంచి పడిన బ్రెజిల్ మేస్త్రీ. ఇందాకటి నుంచీ ఆ భయమంతా ఆమె గొంతులోంచే బయటికొచ్చింది.

వాల్దెమార్ వెనకే నేరస్థురాలు కూడా తీరిగ్గా నడిచొచ్చింది. అది మా అత్తగారి తాబేలు పెట్రోనా. చలి మొదలవగానే పెరట్లో మట్టిలోకి దూరి నిద్రపోయిందనుకున్నాం. పెట్రోనాకి మట్టి కన్నా మా వైర్ల వెచ్చదనమే నచ్చింది. అది ఒత్తిగిల్లినప్పుడల్లా ప్లగ్గు ఊడి ఇంటర్నెట్ పోయేది. మళ్ళీ ఒత్తిగిలితే అతుక్కునేది. అత్తగారు సోఫాలోంచి లేచొచ్చి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది.

"దీన్నా నాయనా నువ్వు విదేశీ అన్నది?"

"మొహం చూడకుండా అనేశానమ్మా," అని ఒప్పుకున్నాడు వాల్దెమార్.

ఆ మధ్యాహ్నమే పని మొదలుపెట్టాం. ప్లగ్గుల పెట్టెను బల్ల అడుగున స్క్రూలతో పైకి బిగించాను. దేనికీ చెందని వైర్లు తీసి పారేశాం. మిగిలినవాటిని నోయెలియా ఒక్కొక్కటే అందిస్తుంటే, వాల్దెమార్ బల్ల కింద వెల్లకిలా పడుకుని బల్ల కాలి వెంట వరసగా ఊలుతో కట్టాడు. మోకాలికి నా భార్య రాసిన మందు వాసన గదంతా ఉంది.

తర్వాత బల్ల కింద నుంచి మెల్లగా అడిగాడు.

"అమ్మాయ్, ఆ మేస్త్రీకి కాలు ఉంటుందా?"

"ఉంటుంది బాబాయ్. ఆలస్యమైనా మళ్ళీ నడుస్తాడన్నారు."

"నిచ్చెన?"

"అదీ ఎక్కుతాడట."

మరో ముడి బిగించిన చప్పుడైంది. వాల్దెమార్ గొంతు సవరించుకున్నాడు.

"ఈ కేసు నేను మొదట్నుంచీ ఊహించినట్టే ముగిసింది."

ఆ రోజు మాత్రం ఇంట్లో ఎవరం కాదనలేదు.