పటమటలో పాజిటివ్ ఎలక్ట్రాన్

మొన్న ఆగస్టు ఏడో తారీఖు మధ్యాహ్నం, నేను దోసకాయ పప్పుతో అన్నం తింటుండగా, పటమటలో ఎలక్ట్రాన్‌కు పాజిటివ్ చార్జి వచ్చింది. మీకు తెలియలేదా? కోచింగ్ కాలేజీలకు పిల్లల్ని పంపనివాళ్లకు సైన్సు ఇలాగే ఆలస్యంగా అందుతుంది!

మా వీధి చివరి కాలేజీవారు వీక్లీ టెస్టు జవాబుల కీలో ఈ సంగతి ప్రకటించారు. ప్రోటాన్ పాజిటివ్, ఎలక్ట్రానూ పాజిటివే. న్యూట్రాన్ జోలికి పోలేదు, అంతవరకు మేలు.

ఒకే రకం చార్జీలు ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయని మా రోజుల్లో చెప్పేవారు. ఆ లెక్కన సాయంత్రానికల్లా పరమాణువులన్నీ విడిపోయి బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఆవిరైపోవాలి. అయిందా? సిటీ బస్సు సైతం టైముకే వచ్చింది! ప్రకృతి అంతటిదే సర్దుకుపోయింది.

సర్దుకుపోనిది మా పక్కింటి అఫ్సా ఒక్కతే. ఇంటర్ మొదటి ఏడు. ఎలక్ట్రాన్ నెగటివ్ అని రాసింది. మార్కులు తగ్గి 'ఏ' సెక్షన్ నుంచి డి సెక్షన్‌లో పడింది. డి సెక్షన్ అంటే మేడ మీద రేకుల షెడ్డు. లెక్చరర్లు అక్కడికి వచ్చేది దారి తప్పినప్పుడే.

వాళ్ల నాన్న నాసిర్ ఆటోనగర్‌లో మోటార్లకు వైండింగ్ చేస్తాడు. ఒకప్పుడు ఫిజిక్స్ చదివానన్న పాపానికి నన్నూ ప్రిన్సిపాల్ దగ్గరికి లాక్కెళ్లాడు.

"పాప రాసింది కరెక్టేనండీ. కానీ పేరెంట్స్‌కు మెసేజ్‌లు వెళ్లిపోయాయి, సెక్షన్లు మార్చేశాం. ఒక్క ఎలక్ట్రాన్ కోసం మూడొందల మందిని మేడ ఎక్కించి దించమంటారా?" అన్నాడాయన.

"నేను ఒక్క వైరు తేడాగా కలిపితే మోటారు కాలిపోద్ది సార్. బిల్లిచ్చేశాను, ఇక మార్చనంటే పార్టీ ఊరుకుంటాడా?" అన్నాడు నాసిర్.

"అందుకే మీది షాపు, మాది కాలేజీ!"

ఎంత ముందుచూపు! నిజం చెబితే ఒక్క పిల్లకే లాభం. తప్పు మీద నిలబడితే మూడొందల మందికి మోకాళ్ల నొప్పులుండవు. ఎలక్ట్రాన్‌ను కనిపెట్టినాయన కూడా ముందే పేరెంట్స్‌కు మెసేజ్ పెట్టి ఉండాల్సింది!

మరుసటి వారం రీటెస్టు పెట్టారు. అదే ప్రశ్న, అదే కీ. ఈసారి అఫ్సాకు మార్కులు పూర్తిగా వచ్చాయి. 'ఏ' సెక్షన్‌కు తిరిగొచ్చింది. వాళ్లమ్మ జమీలా నాకు సేమ్యా పాయసం పంపింది. మా ఆవిడ పోయాక మా ఇంటికి గిన్నె నిండా తీపి రావడం అదే మొదలు. అందుకు ఆ తప్పుడు కీకి నేను రుణపడి ఉన్నాను!

రాత్రి భోజనాలయ్యాక గిన్నె తిరిగిచ్చి రావడానికి వెళ్లాను. గుమ్మంలో అఫ్సా అందుకుంది.

"ఇంతకీ ఎలక్ట్రాన్‌ది ఏ చార్జమ్మా?" అని నవ్వులాటకు అడిగాను.

ఆ పిల్ల నవ్వలేదు. "పరీక్షలో రాయడానికా మాస్టారూ, మీకు చెప్పడానికా?" అంది.

పదహారేళ్లకే ఎంత పైకొచ్చింది!

"నాకే చెప్పు."

వెనక్కి తిరిగి, ఇంట్లో ఎవరూ వినడం లేదని చూసుకుంది. "నెగటివ్," అంది, దొంగతనం ఒప్పుకున్నట్టు. ఆపైన చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.