‘ఊట’ ఇల్లు మారిన కేసు

ప్రపంచంలో నేరస్తులు రెండే రకాలని డిటెక్టివ్ పరశురాములు చెబుతుంటాడు: తన చేతికి చిక్కినవాళ్లు, ఇంకా కోరుట్ల దాకా రానివాళ్లు. మొదటి రకం ఇంతవరకు ఒక్కరూ లేరని అతని స్నేహితుడు భూమయ్యకు తెలుసు. అయినా నోరెత్తడు. ఐదో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న పాపానికి ఆ గొప్పలు వినడం అతనికి అలవాటైపోయింది.

పరశురాములు దుబాయిలో ఏడేళ్లు ఒక పెద్ద బజారు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుగా నిలబడి వచ్చాడు. ఆ ఏడేళ్లలో పది లక్షల ముఖాలు చదివానంటాడు. తిరిగొచ్చాక కోరుట్ల బస్టాండు వెనక సీసీ కెమెరాలు బిగించే దుకాణం పెట్టాడు. బోర్డు మీద ‘కెమెరాలు’ అన్న మాట కంటే ‘డిటెక్టివ్’ అన్న మాటే రెండింతలు పెద్దగా ఉంటుంది.

భూమయ్య జగిత్యాలలో భూగర్భజలాల మీద పరిశోధన చేసే ఒక చిన్న ఆఫీసులో అటెండరు. అక్కడ సిరిసిల్ల నేతకార్మికుడి బిడ్డ నీల మూడేళ్లుగా ‘ఊట’ అనే ప్రోగ్రాం రాస్తోంది. బావుల లోతు, వాన లెక్క, రాయి రకం ఇస్తే ఫలానా చోట బోరులో నీళ్లు పడతాయో లేదో అంచనా చెప్పే ప్రోగ్రాం అది.

ఆ వారమే ‘ఊట’ ఇల్లు మారుతోంది. ఇన్నాళ్లూ ప్రోగ్రాంలో ఎవరు ఏ ముక్క ఎప్పుడు మార్చినా ఆ చరిత్రంతా సబ్‌వర్షన్ అనే పాత పద్ధతిలో జగిత్యాలలోని ఒకే పెట్టెలో ఉండేది. ఇక్కడ కరెంటు పోతే హైదరాబాదు ప్రధాన ఆఫీసు వాళ్లు కూడా చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. కొత్త పద్ధతి పేరు గిట్. ఇందులో పని చేసే ప్రతి ఒక్కరి దగ్గరా మొత్తం చరిత్ర ఉంటుంది. ఎవరి పని వాళ్లు చేసుకుని హైదరాబాదు సర్వరులో కలుపుతారు. మంగళవారం నీల పాత పెట్టెకు తాళం వేసి, చరిత్రనంతా తన కంప్యూటర్లోకి తెచ్చుకుంది. గురువారం పొద్దున దాన్ని హైదరాబాదుకు పంపబోతే కంప్యూటరు గడప దాటనివ్వలేదు. సర్వరు ఇచ్చిన గుర్తింపు పత్రం చెల్లదని ఒకటే పాట. ఫోన్ చేస్తే హైదరాబాదు వాళ్లు తమవైపు అంతా బాగానే ఉందన్నారు.

ప్రాణసంకటం మాత్రం కొడిమ్యాల రైతు సమ్మయ్యది. అతను మస్కట్ నుంచి వచ్చి పన్నెండు రోజులైంది. పొలంలో ఇప్పటికే మూడు బోర్లు దుమ్ము కక్కాయి. నాలుగో బోరు కోసం మాట్లాడుకున్న బండి సాయంత్రం నాలుగింటికి కోరుట్లలో బయలుదేరుతుంది. అది కూడా దుమ్మే కక్కితే మళ్లీ మస్కట్ విమానం ఎక్కక తప్పదు. కొడిమ్యాల రాళ్ల గురించి నీల చేసిన కొత్త సవరణ సర్వరుకు చేరితేనే అక్కడి పెద్ద కంప్యూటరు అతని పొలం సంగతి చెబుతుంది. పొద్దున తొమ్మిదింటి నుంచి సమ్మయ్య సంచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. ఎవరినీ ఏమీ అడగడు. అలా అడగకుండా కూర్చోవడమే భూమయ్యకు చూడబుద్ధి కాలేదు.

అందుకే ఫోన్లో పరశురాములుతో నోరు జారాడు. గంటలో డిటెక్టివ్ గారు నల్లకళ్లద్దాలతో, మిట్టమధ్యాహ్నం చేతిలో టార్చిలైటుతో దిగాడు.

“ఎవ్వలూ కదలద్దు,” అన్నాడు గుమ్మంలోనే నిలబడి. “నేరం గీ అర్రల్నే జరిగింది.”

ముందు గిట్ అంటే ఏమిటో చెప్పమన్నాడు. నీల ఓపిగ్గా పావుగంట చెప్పింది. అంతా విని, మనవాళ్లు గిట్ల, గట్ల అంటారే, దానికి సంబంధించినదేనా అని అడిగాడు. నీల భూమయ్య వైపు చూసింది. భూమయ్య ఫ్యాను వైపు చూశాడు.

గుర్తింపు పత్రం చెల్లదన్న మాట వినగానే పరశురాములు కళ్లు మెరిశాయి. ఇది దొంగ పాస్‌పోర్టుల ముఠా పనేనని, దుబాయి గేటు దగ్గర ఇలాంటివాళ్లను నడక చూసి పట్టేవాడినని చెప్పాడు. వేలిముద్రల కోసం కీబోర్డు మీద ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు. నీల తుమ్ముతూ ఆ పౌడరంతా దులుపుకుంది. తరువాత బల్ల కింద దూరి, ఒక కొబ్బరి పీచు పట్టుకుని పైకి లేచాడు. కంప్యూటరు నుదుట పసుపు మరక కూడా కనిపించేసరికి చేతబడి ముఠా అని గొంతు తగ్గించి ప్రకటించాడు.

ఆ కొబ్బరికాయ మంగళవారం నువ్వు తెచ్చి కొట్టిందేనని, పసుపు పెట్టింది కూడా నువ్వేనని భూమయ్య గుర్తు చేశాడు. కొత్త ఇంట్లోకి మారుతున్నారని విని పిలవకుండానే వచ్చాడు కదా ఆ రోజు. తెలివైన నేరస్తుడు ఎప్పుడూ అమాయకుడి కొబ్బరికాయ చాటునే దాక్కుంటాడని పరశురాములు కొట్టిపారేశాడు.

మూడు దాటింది. నీల ఆ పత్రాన్ని నాలుగు రకాలుగా మార్చి చూసింది. కంప్యూటరు కరగలేదు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. మూడేళ్ల పని ఒక్క మనిషికైనా అక్కరకొచ్చే రోజున ఇలా గడప దగ్గర ఆగిపోయిందే అని భూమయ్యకూ బాధేసింది.

అప్పుడు పరశురాములు చూపు సమ్మయ్య మీద పడింది. ముక్కూమొహం తెలియని మనిషి, పొద్దుటి నుంచి కదలడు, ఒళ్లో సంచి, పైగా మస్కట్. ఇంతకన్నా ఏం కావాలి? ఎదురుగా కుర్చీ లాక్కుని వాంగ్మూలం మొదలుపెట్టాడు. పేరు, ఊరు, సంచిలో ఏముంది అన్నీ అడిగాడు. సంచిలో రెండు రొట్టెలు, పొలం పాసుబుక్కు ఉన్నాయి. రెండు పేజీలు నింపి, కంప్యూటరు మూలన కనిపిస్తున్న తారీకును దర్జాగా పైన ఎక్కించి, సంతకం పెట్టమని కాగితం చాపాడు.

సమ్మయ్య కాగితాన్ని దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూశాడు. సంతకం పెట్టనన్నాడు.

“ఎందుకు పెట్టవు? నిజం బయటపడ్తదనా?” అన్నాడు పరశురాములు.

“తారీకు తప్పున్నది సార్,” అన్నాడు సమ్మయ్య మెల్లగా. “ఇది నవంబర్. గప్పుడు నేను మస్కట్‌ల ఉన్న. ఒకపారి ఆడ గిట్లనే పాత తారీకు ఏసిన కాయితం మీద సూడకుంట దస్కతు పెట్టిన. నేను లీవు వాడుకున్నట్టు రాసుకున్నరు. మా అవ్వ సచ్చిపోతే పోనియ్యలే. మళ్ల గసొంటి కాయితం మీద దస్కతు పెట్ట. జైల్ల ఏసినా పెట్ట.”

పరశురాములు మొదటిసారి కళ్లద్దాలు తీశాడు. ఇది ఫిబ్రవరి నెల.

నీల గిర్రున తిరిగి స్క్రీను మూలకు చూసింది. గంటలు, నిమిషాలు సరిగ్గానే ఉన్నాయి. వాటి కింద చిన్న అక్షరాల్లో తారీకు మాత్రం నవంబర్‌లో ఉంది. సర్వరు గుర్తింపు పత్రం ఇచ్చింది జనవరిలో. నవంబర్‌లో కూర్చున్న కంప్యూటరుకు జనవరి పత్రం చెల్లకపోవడంలో వింతేముంది? తారీకు సరిచేసి మళ్లీ పంపింది. భూమయ్య ఇరవై లెక్కపెట్టేలోగా చరిత్రంతా, కొడిమ్యాల సవరణతో సహా, హైదరాబాదు చేరిపోయింది.

“భూమన్నా, గీ తారీకు ఎవలు మార్చిన్రు?” అంది నీల.

భూమయ్యకు తెలియదు. పరశురాములు టార్చిలైటు ఆర్పడం, వెలిగించడం మొదలుపెట్టాడు.

“మూఢాలు నడుస్తున్నయి గద,” అన్నాడు చివరికి. “మూఢంల కొత్తింట్ల అడుగు పెట్టద్దు. నీకు చెప్తె నువ్వు వినవైతివి. అందుకే మంగళారం కొబ్బరికాయ కొట్టినప్పుడే మిషిన్ల తారీకు మూఢానికి ముందటికి జరిపిన. గంటలు ముట్టుకోలే. మంచికే చేసిన చెల్లే.”

నీల నవ్వేసింది. నేరస్తుడు దొరికాడు కదా, బేడీలు తేనా అని భూమయ్య అడిగాడు. ఇరవై ఏళ్ల స్నేహంలో అతను వేసిన మొదటి చురక అదే.

నాలుగింటికి పది నిమిషాలుండగా సర్వరు జవాబు వచ్చింది. సమ్మయ్య బోరు వేద్దామనుకున్న గట్టు కింద ఎనిమిది వందల అడుగుల దాకా నీళ్లుండే ఆశ లేదు. పాత బావి పక్కన పల్లంలో మాత్రం తక్కువ లోతులోనే కొద్దిగా ఊట ఉండొచ్చు. ఎకరం ఆరుతడి పంటకు సరిపోతుంది. ఇది అంచనాయేనని, దేవుడి మాట కాదని నీల రెండుసార్లు చెప్పింది. సమ్మయ్య తలూపాడు. పొడిగా ఉన్న మూడు బోర్లు వేసినప్పుడు అంచనా కూడా చెప్పినవాళ్లు లేరు.

ముందు బోరు బండివాడికి ఫోన్ చేసి రావద్దన్నాడు. తరువాత భార్య సమ్మక్కకు చేశాడు.

“పాస్‌పోర్టుకు ఏజెంటు అచ్చిండా? ఇయ్యకు. పెట్టెల వెట్టు. బాయిల పూడిక తీద్దాం,” అన్నాడు. అటునుంచి ఏమందో గాని చాలాసేపు వింటూ నిలబడ్డాడు. కళ్లు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు.

వెళ్లబోతూ నీలకు దండం పెట్టి, పరశురాములు దగ్గర ఆగాడు.

“తమ్మీ, నువ్వు తప్పు తారీకు రాసి పుణ్యం కట్టుకున్నవు. లేకుంటె నేను మాపటికి బోరు ఏసి బోర్ల పడుతుంటి.”

పరశురాములు నల్లకళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. గొంతు సవరించుకుని, ఇదంతా తాను ముందే ఊహించి పన్నిన వ్యూహమని చెప్పాలనుకున్నాడు. కానీ సమ్మయ్య సంచి అందుకుని, కొడిమ్యాల బస్సు దాకా తనే మోసుకుంటూ వెళ్లి ఎక్కించి వచ్చాడు.