గీత దాటితే పలికే గొంతు

కారు తెల్లగీత దాటబోతే డ్రైవర్ని హెచ్చరించే పరికరాలను ట్రాక్ మీద పరీక్షించడం ఆయన ఉద్యోగం. పదకొండేళ్లుగా స్కేలు పెట్టి గీసినట్టు నడుపుతున్నాడని అందరూ ఆయన్ని సరళరేఖ అనేవాళ్లు.

నర్సుగా పనిచేసే భార్య నాలుగు నెలల శిక్షణకని వేరే ఊరు వెళ్లింది. సరళరేఖ అలవాటుకొద్దీ రెండు కప్పుల టీ పెట్టి, రెండోది సింకులో పోస్తున్నాడు. ఫోన్ చేస్తే, "వార్డులో ఉన్నాను, తర్వాత" అంటుంది. ఆ మాత్రం వినడానికే రోజుకు ఆరుసార్లు చేస్తున్నాడు.

చివరికి ఓ ఉపాయం తట్టింది. "బీప్ శబ్దాన్ని ఎవరూ లెక్కచెయ్యరు మేడమ్. ఇంటి మనిషి గొంతు పెట్టి చూద్దాం," అన్నాడు ఇంజనీరుతో. తుమ్ములక్కూడా పట్టిక గీస్తుందని ఆవిడకి పట్టికమ్మ అని పేరు. సరేనంది.

"ఎలా చెప్పమంటారు?" అంది భార్య ఫోన్లో.

"నన్ను కసురుకున్నట్టు."

"దానికి సాధన అక్కర్లేదు లెండి."

మర్నాడు ట్రాక్ మీద ఆవలింత వచ్చి కారు కాస్త పక్కకి ఒరిగింది. "ఏమండీ, ఎటు పోతున్నారు?" అంది స్పీకరు. సరళరేఖ చటుక్కున పక్క సీటు వంక చూశాడు. ఖాళీ. ఇంకొక్కసారి విందామని స్టీరింగు ఈసారి తనే తిప్పాడు.

సాయంత్రం పట్టికమ్మ కళ్లజోడు తుడుచుకుంది. "బీప్‌కి మూడుసార్లు దాటారు. మీ ఆవిడ గొంతుకి నలభై ఏడు. గొంతు ఇచ్చినవాళ్లకి ఫలితం పంపడం నియమం సార్."

పొద్దున్నే భార్యే ఫోన్ చేసింది.

"నలభై ఏడుసార్లు చెప్పినా వినలేదా?"

"వినడానికే దాటాను," అనేశాడు.

ఆమె గొంతు సవరించుకుని, "ఇవాళ ఒక్కసారి దాటినా శనివారం సెలవుకి నేను ఇంటికి రాను," అంది.

ఆ రోజంతా గీత పక్కనే పరిగెత్తింది. జానెడు జరిగితే ఆమె పలుకుతుంది. సరళరేఖ పళ్లు బిగబట్టి నడిపాడు. మధ్యాహ్నం ఉండబట్టలేక, "ఏమండీ" అని తనే అనుకుని చూశాడు. బాగాలేదు.

పట్టికలో సున్నా పడగానే ఫోన్ చేశాడు. "ఒక్కసారీ దాటలేదు. శనివారం ఎన్నింటికి వస్తున్నావ్?"

"పదింటికి. టికెట్టు పోయిన వారమే తీసుకున్నాను. మీరు దాటినా వచ్చేదాన్నే."

"మరి నన్నెందుకు అలా..."

"నా గొంతు వినకుండా నా మాట విన్నారు. పెళ్లయ్యాక ఇదే మొదటిసారి."

ఆమె పెట్టేసినా సరళరేఖ ఫోన్ చెవికి ఆనించుకుని అలాగే నిలబడిపోయాడు.