మోకు పట్టినవాడు మాట్లాడడు

ఆ పొద్దున మొండయ్య అనుకున్న పని చాలా చిన్నది. ఎండ ముదరకముందే చింతచెట్టు ఎక్కాలి, కొమురవ్వ ఇంటి మీదికి వంగిన కొమ్మను కోయాలి, దాన్ని మోకుతో మెల్లగా సందులోకి దించాలి, అంబలి వేళకు ఇల్లు చేరాలి. చెట్టు మీద తానొక్కడు, కింద మోకు పట్టడానికి ఇద్దరు. నాలుగో మనిషి అవసరం పడుతుందని అతను కలలో కూడా అనుకోలేదు.

లక్సెట్టిపేటలో చెట్టు నరికేవాళ్లు చాలామందే ఉన్నారు. ఇంటి మీద వాలిన కొమ్మను ఇంటికి తెలియకుండా దించగలవాడు మాత్రం మొండయ్య ఒక్కడే. మూడేళ్ల కిందట వెలగచెట్టు మీంచి పడి అతని కాలు విరిగింది. మంచాన పడి ఉన్న ఆ మూడు నెలలూ కొమురవ్వ రోజూ కుండెడు మక్కజొన్న గట్క పంపింది. ఎందుకక్కా అంటే “మిగిలింది” అనేది. ఒంటరి ఆడమనిషి ఇంట్లో రోజూ ఇంటిల్లిపాదికీ సరిపడేంత గట్క ఎలా మిగులుతుందో మొండయ్యకు తెలియనిది కాదు. ఈ పనికి అతను కూలి మాట ఎత్తనే లేదు.

కొమురవ్వ ఐదు ఎండాకాలాలు అడవిలో బీడీలకు తునికాకు తెంపి, ఈ ఏడే ఇంటి మీది గడ్డి తీయించి గూనపెంకలు కప్పించుకుంది. సరిగ్గా ఆ పెంకల మీదే, పక్కనున్న దామోదర్‌రావు దొర దొడ్లోని చింతకొమ్మ ఒకటి వంగి ఉంది. మిరుగు కార్తె గాలివాన వచ్చిందంటే పెంకలూ మిగలవు, ఐదేళ్ల కష్టమూ మిగలదు.

“తమ్మీ, ఒక్క పెంక పలిగినా నా పానం ఉండది,” అంది కొమురవ్వ.

“ఫికర్ జెయ్యకక్కా. పెంక పలిగితె నేన్ మల్ల చెట్టెక్క. నువ్వైతె ఇంట్ల ఉండకు, జర దూరం పో.”

ఆమె గంప తీసుకుని గోదావరి ఒడ్డున ఉన్న వంకాయ తోటకు వెళ్లింది. వెళుతున్నట్టు ఇంకెవరికీ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం ఉంటుందని ఎవరికి తెలుసు?

మొండయ్య పని పద్ధతిగా ఉంటుంది. రంపానికి ముందు రోజే ఆకురాయి పెట్టాడు. జనపనార మోకును పొద్దున్నే ముంగిట్లో పరిచి, జానెడు జానెడు చేతివేళ్లతో తడిమి, ఎక్కడా పోగు తెగలేదని చూసుకున్నాడు. కోసిన చోట పూయడానికి పేడా ఎర్రమట్టీ కలిపి ముంతలో పెట్టాడు. అలా పూయకపోతే చెట్టుకు పుండు పడుతుందని అతని నమ్మకం. చెట్టుకు దండం పెట్టి, బామ్మర్ది రాయమల్లునూ పక్కింటి వెంకటినీ పిలిచి కట్టుబాటు గుర్తుచేశాడు.

“ఎర్కే గద? మోకు పట్టినంక నోరు తెర్వద్దు.”

ఇది మొండయ్య తాత నాటి కట్టుబాటు. మనసు మాట మీదికి పోతే పట్టు జారుతుంది. చెట్టు మీదివాడే మాట్లాడాలి, కిందివాళ్లు వినాలి. కొమ్మ నేలను తాకేదాకా అంతే. పేటలో చిన్నాపెద్దా అందరికీ ఈ సంగతి తెలుసు, అందరికీ భయం కూడా.

మామూలుగా మోకును చెట్టు మొదలుకు రెండు చుట్లు చుడితే బరువంతా మొదలే మోస్తుంది, ఇద్దరు మనుషులు చాలు. కానీ ఈ చింత మొదలు ప్రహరీగోడలో కలిసిపోయి ఉంది. అందుకని మోకును పై కొమ్మ పంగలోంచి దాటించి, దొర దొడ్లోని బావిగట్టు మీది రాతిస్తంభానికి చుట్టి, కొసను ఇద్దరి చేతుల్లో పెట్టాడు. ఆ స్తంభం దొర తాతగారి నాటిది. అది కదులుతుందని అనుమానించడం ఆ వంశాన్ని అనుమానించినట్టే ఉంటుందని మొండయ్య దాన్ని ఊపి చూడలేదు. జరిగిన తప్పంతా అక్కడే ఉంది.

మొండయ్య పైకెక్కి ఆకుల్లో మాయమయ్యాడు. కొమ్మకు కింది నుంచి ఒక గాటు పెట్టి, పైనుంచి రంపం ఆడించాడు. సగం తెగేసరికి బావిగట్టు మీది స్తంభం కిర్రుమంది, పిడికెడు సున్నం రాలింది. కింద ఇద్దరి ముఖాలూ మారిపోయాయి. చెబుదామంటే కట్టుబాటు. ఇద్దరూ పాదాలు నేలలో తన్నిపెట్టి వెనక్కి వాలారు. వెంకటి కంట్లో రంపపుపొట్టు పడి నీళ్లు ధారగా కారుతున్నాయి.

సరిగ్గా అప్పుడే నీళ్లకోసం బిందెతో వచ్చింది ఐలవ్వ. బావి దగ్గర బిగుసుకున్న మోకు, వెనక్కి వాలిన ఇద్దరు మగవాళ్లు, వెంకటి కన్నీళ్లు కనబడ్డాయి.

“ఓ రాయమల్లూ! బాయిల ఎవలు వడ్డరు?”

రాయమల్లు పలకలేదు. మోకు పట్టినవాడు పలకడని ఆమెకూ తెలుసు కనుక మళ్లీ అడగలేదు. బావిలోకి తొంగిచూసింది. ఎండాకాలపు బావి, అడుగంతా చీకటి.

“ఏం కనవడ్తలేదుల్లా! మనిషే కనవడ్తలేదు!”

బిందె అక్కడే వదిలేసి వాడంతా వినబడేలా కేక పెట్టింది. వాడంతా వచ్చింది. మోకు బావిలోకి దిగుతోందా, ఆకుల్లోకి ఎక్కుతోందా అని చూసే ఓపిక ఆ గడబిడలో ఎవరికి ఉంటుంది? వచ్చినవాళ్లు వచ్చినట్టే మోకు అందుకుని నోళ్లు మూసుకున్నారు. మాట్లాడే అవకాశం మోకు అందనివాళ్లకే మిగిలింది. వాళ్లు ఇంటింటి మనుషుల్నీ పేర్లు పెట్టి పిలిచి చూసుకున్నారు. అందరూ ఉన్నారు. కొమురవ్వ లేదు, తలుపుకు గొళ్లెం వేసి ఉంది.

“అయ్యో, కొమురవ్వ!” అంటూ ఐలవ్వ గోడకు తలానించి ఏడుపు ఎత్తుకుంది. “నా బిడ్డ కాన్పుకు రెండు దినాలు కునుకు తియ్యలే తల్లీ!”

ఇంకొకామె అందుకుంది. “మా పోరనికి జరమొస్తె అర్ధరాత్రి కషాయం కాచిచ్చిందుల్లా! గసొంటి మనిషి మల్ల పుట్టది!”

పంచాయతీ సమితి ఎన్నికల్లో ఓడిపోయాక దామోదర్‌రావు దొర గడప దాటడం మానేశాడు. ఆ ఏడుపు విని చేతికర్రతో దొడ్లోకి వచ్చి, “ఏంది రాయమల్లూ గిది?” అన్నాడు. రాయమల్లు గడ్డంతో మోకును చూపించాడు. ఓడిపోయిన నాటి నుంచి దొరను ఎవరూ దేనికీ పిలవలేదు. ఆయన కర్ర పక్కన పడేసి, ఉత్తరీయం నడుముకు చుట్టి, వెంకటి వెనక నిలబడి మోకు పట్టాడు.

ఇంతలో తోట నుంచి వంకాయల గంపతో వచ్చింది కొమురవ్వ. జనాన్ని చూసి అడుగు వేగం పెంచింది. గోడకు తలానించి ఏడుస్తున్న ఐలవ్వను వెనక నుంచి అడిగింది.

“ఎవలకేమైందే?”

“కొమురవ్వ పాయె!” అంది ఐలవ్వ తల తిప్పకుండానే.

పేటలో కొమురవ్వలు నలుగురున్నారు. పాపం ఏ కొమురవ్వో అనుకుంది ఈమె. వాళ్లు చెప్పుకుంటున్న మంచితనం విన్నకొద్దీ ఆమెకూ దుఃఖం ఆగలేదు. ఇంత మంచి మనిషితో తాను ఎన్నడూ నాలుగు మాటలైనా మాట్లాడలేకపోయానే అనుకుని, మొండయ్య కొమ్మ పని ఆపి మోకును బావిలోకి దించి ఉంటాడని గంప దించి, కళ్లు తుడుచుకుని, తనను తాను పైకి లాగడానికి అందరి వెనకా నిలబడి మోకు పట్టింది.

పైన కొమ్మ ఫెళ్లున తెగింది. ఆ అదురుకు స్తంభం మొదలంటా ఊడి పక్కకు ఒరిగింది. ఇద్దరే ఉంటే ఇద్దరూ గోడ అవతల తేలేవాళ్లు, కొమ్మ పెంకల్లో దిగేది. కానీ అక్కడ నలభై మంది ఉన్నారు. నాలుగడుగులు తూలి నిలదొక్కుకున్నారు. కొమ్మ పెంకలకు మూరెడు పైన ఆగి ఊగింది.

“ఇగ ఇడువుండ్రి! మెల్లగ!” అని మొండయ్య పైనుంచి అరిచాడు.

బావిలో మనిషి ఉంటే వదలమంటాడేంటని నలభై మందీ కలిసి గుంజారు. కొమ్మ జర్రున పైకి లేచింది.

“గుంజకుండ్రి! ఇడువుండ్రి!”

ఇంకా గట్టిగా గుంజారు. కొమ్మ వచ్చి మొండయ్య మోకాళ్లకు తగిలింది. రాయమల్లు, వెంకటి గుడ్లురిమి తలలు అడ్డంగా ఊపారు. ఆ తలల ఊపుకు మిగతావాళ్లు ‘ఇంకా గుంజండి’ అని అర్థం చెప్పుకున్నారు. మొండయ్య ఆకులు తప్పించి కిందికి చూస్తే, వరసలో చివర కొమురవ్వ కనబడింది.

“కొమురక్కా! నువ్వన్న జెప్పు వాళ్లకు! నీ ఇల్లే గద కూలేది!”

నలభై తలలు ఒక్కసారి వెనక్కి తిరిగాయి. కొమురవ్వ నోరు తెరుచుకుని నిలబడి ఉంది. ఐలవ్వ కెవ్వుమని, మరుక్షణం ఆమెను కావలించుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. అయినా ఆ నలభై మందిలో ఒక్కరంటే ఒక్కరు మోకు వదల్లేదు. అప్పుడు అందరూ పైకి చూశారు. ఆకుల్లో మొండయ్య ఉన్నాడు, పంగలో మోకు ఉంది, మోకుకు కొమ్మ ఉంది. విషయం అర్థమైనకొద్దీ ఒక్కో జానా సడలించారు. మొండయ్య కాలితో పక్కకు నెట్టగా కొమ్మ సందులోకి దిగి, నేల మీద ఒదిగి పడుకుంది. ఒక్క పెంక పగల్లేదు.

మొండయ్య కోసిన చోట మట్టి పూసి దిగి వచ్చాడు. ఊడిన స్తంభాన్ని చేత్తో తడిమి చూశాడు. ఎవరెవరి చేతులు బొబ్బలెక్కాయో ఒక్కొక్కటీ పట్టుకు చూశాడు. దొర చేతుల దగ్గర ఆగాడు.

“దొరా, మీరు గిట్ల రాకపోతె అక్క కొంప కూలుతుండె. ఇగ నేన్ చచ్చినా మొకం జూపెడ్దునా? మీ అందరి కాళ్లకు దండం.”

“స్తంభం ముచ్చట నాకూ తెల్వదు మొండయ్యా,” అన్నాడు దొర, బొబ్బల్ని గర్వంగా చూసుకుంటూ. “మల్ల కొమ్మ గొట్టేటప్పుడు నాకూ ఒక మాట జెప్పు.”

కొమురవ్వ పెంకల వంక ఒకసారి, జనం వంక ఒకసారి చూసింది. ఆమె కళ్లనిండా నీళ్లు ఉన్నాయి.

“ఏమే ఐలవ్వా, నా మీద గింత పేమ, పావురముండి, ఒక్కనాడన్న నా ముంగట అన్నవా?”

“బతికున్న మనిషి ముంగట ఎట్లంటం వదినే, సిగ్గుగాదా?”

ఆ తర్వాత కొమురవ్వ తోట నుంచి ఎప్పుడు తిరిగొచ్చినా, ఇంట్లోకి పోకముందు గోడ చాటున కాసేపు నిలబడి వినేది.