బ్రేకులకు బొట్టు

ఆ ఆదివారం పొద్దున రామచంద్రం వేసుకున్న పథకం చాలా చిన్నది. మంచు టైర్లకు పరీక్ష అని చెప్పి, చిక్కడపల్లిలో తన ఇంటి ముందు గల్లీలో కాస్త ఐసు పరిపించాలి. దాని మీద భార్య స్నేహలత కారు జారాలి. జారితే మర్నాటి ప్రయాణం ఆగిపోతుంది. ఆగిపోతే, తాను రానని నోరు తెరిచి చెప్పాల్సిన అవసరం ఉండదు.

ఆ కారు ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. ఎవరో వాడి అమ్మింది. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే, ఎక్కడం అనే మాట దానికి కుదరదు, లోపలికి దిగాలి. నారాయణగూడ కాలేజీలో ఫిజిక్సు చెప్పే స్నేహలత, తండ్రి ఇచ్చిన ప్లాటు అమ్మి, యాభయ్యో ఏట దాన్ని కొన్నది. "ఇన్నేండ్లు పిల్లలకు ఘర్షణ పాఠం చెప్పిన. ఒక్కసారన్న మంచు మీద నడిపి చూడాలె. డిసెంబర్ల సిమ్లా దాటి పోదాం. మీరు వస్తరా, రారా?" అని మొగుణ్ణి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ రామచంద్రం "చూద్దాం" అన్నాడు.

అతని తప్పు కూడా కాదు పాపం. పాతికేళ్ళుగా ఇన్సూరెన్సు ఆఫీసులో యాక్సిడెంటు క్లెయిములు చదవడమే అతని ఉద్యోగం. లోయలో పడ్డ జీపులు, బోల్తాపడ్డ లారీలు అన్నీ అతని బల్ల మీదుగానే పోయాయి. అలాంటి మనిషి ఇంకా రోడ్డు దాటుతున్నాడంటేనే మెచ్చుకోవాలి.

ముందురోజు సాయంత్రం ముషీరాబాద్ మెకానిక్ ఈరన్న బండి తెచ్చి అప్పజెప్పాడు. మంచు టైర్లు తొడిగాడు, బ్రేకులకు కొత్త ప్యాడ్లు వేశాడు. "సార్, ఈ రబ్బరు మెత్తగుంటది. ఎండల నడిపితె అరిగిపోతది, తెల్లారగట్లనే బయలెల్లమనుండ్రి మేడంను. ఇంకోటి. చక్రం సందుల మెరుస్తుంది చూడుండ్రి, గదే బ్రేకు ప్లేటు. దానికి నూనె గీనె తగలొద్దు. తగిల్తె బ్రేకు పట్టది. ఇంట్ల అందరికి చెప్పుండ్రి" అన్నాడు.

రామచంద్రం తల ఊపాడు. ఎవరికీ చెప్పలేదు. బ్రేకుల సంగతి మాట్లాడితే ప్రయాణం ఖాయమైపోయినట్టేనని అతని దిగులు. పైగా తల్లి నర్సింహమ్మ దగ్గరికి వెళ్ళి, "అమ్మా, పూజ చేయకుంట బండి ఎట్ల తీస్తరు? మంచి రోజు చూడు" అని ఒక పుల్ల వేసి వచ్చాడు. మంచి రోజు దొరికేసరికి స్నేహలత సెలవులు అయిపోతాయని అతని లెక్క.

"రేపే మంచి రోజు" అన్నది నర్సింహమ్మ, పంచాంగం ముట్టకుండానే.

అలా ఆదివారం వచ్చింది, దాంతో పాటే ఆటో ట్రాలీలో ఐసు గడ్డలూ వచ్చాయి. ఊక అంటుకుని, చేపల వాసన కొడుతూ గేటు ముందు దిగాయి. ఇంటి ముందు ఐసు గడ్డలు దిగితే చూసేవాళ్ళకు తోచేది ఒకటే. పై వాటాలో కిరాయికి ఉండే వీరరాఘవరావు గారు బాల్కనీలోంచి చూసి, అయ్యో, పెద్దావిడ పోయినట్టుంది అనుకున్నారు. పక్కిళ్ళకు కబురు చెప్పి, బంతిపూల దండ కొని తెచ్చారు. ఎదురు హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుకుంటున్న పిల్లలు కూడా పుస్తకాలు చంకన పెట్టుకుని వచ్చి తలలు వంచుకుని నిలబడ్డారు.

"ధైర్యంగా ఉండాలండీ రామచంద్రంగారూ" అన్నారు వీరరాఘవరావు గారు, భుజం మీద చెయ్యి వేసి.

తన భయాన్ని ఇన్నాళ్ళకు ఒకరు గుర్తించినందుకు రామచంద్రానికి కళ్ళు చెమర్చాయి. "పోతనంటె ఆపేటోన్ని నేనెవల్ని సార్" అన్నాడు.

"నిజమేనండీ. వయసు కూడా అయింది కదా."

"అదే నేను గూడ అన్న సార్. ఈ వయసుల ఇదంత అవసరమా అని."

వీరరాఘవరావు గారు భుజం మీది చెయ్యి మెల్లగా తీసేసుకున్నారు.

అప్పుడే నర్సింహమ్మ పసుపు పళ్ళెం పట్టుకుని గడప దాటి వచ్చింది. జనాన్ని చూసి ఆమెకు సంతోషమైంది. "అందరొచ్చిన్రా, మంచిగైంది. దండ గూడ తెచ్చినవా నాయినా, ఇటియ్యి" అని ఆయన చేతిలోంచి దండ తీసుకుని కారు ముందు కట్టింది. వీరరాఘవరావు గారు ఆమె పాదాల వంకే చూస్తూ ఉండిపోయారు. అవి ముందుకే తిరిగి ఉన్నాయని తేలాక ఊపిరి పీల్చుకున్నారు.

నర్సింహమ్మ టెంకాయ కొట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఇక బొట్టు మిగిలింది. నల్లటి రబ్బరు మీద పెడితే బొట్టు కనబడదు. చూస్తే చక్రం పుల్లల సందుల్లో, తోమిన స్టీలు పళ్ళెంలా గుండ్రటి రేకు మెరుస్తోంది. దూర ప్రయాణం కదా, రాలిపోకుండా ఉండాలని పసుపును నువ్వుల నూనెలో కలిపి తెచ్చింది. వేళ్ళు సందుల్లోకి పోనిచ్చి, నాలుగు చక్రాల రేకులకూ మనసారా పూసి, కుంకుమ దిద్దింది. కోడలు క్షేమంగా తిరిగి రావాలని మళ్ళీ ఒక చుట్టు పూసింది. రామచంద్రం మాత్రం గల్లీలో ఐసు కొట్టించి పరిపించే పనిలో మునిగి వెనక్కి చూడలేదు.

"ఎక్కుండ్రి. పరీక్ష మీరు పెట్టిందే గదా" అన్నది స్నేహలత.

రామచంద్రం లోపలికి దిగి కూర్చున్నాడు. నిమ్మకాయలు చిట్లాయి. కారు ఐసు మీదికి వెళ్ళింది. టైర్లు ఐసును కరకరా నమిలి, ఇసుమంత కూడా పక్కకు జారకుండా అవతలికి తెచ్చి వదిలాయి. హాస్టల్ పిల్లలు చప్పట్లు కొట్టారు. రామచంద్రం గుండె జారిపోయింది, జారవలసింది జారనందుకు.

"ఇగ బ్రేకు చూద్దాం" అని స్నేహలత తొక్కింది. కారు ఆగలేదు. మళ్ళీ తొక్కింది. మెయిన్ రోడ్డు దాకా ఆ గల్లీ వాలే. చక్రాల్లోంచి సన్నగా పొగ లేచింది, పొగతో పాటు తాలింపు వాసన వచ్చింది. ఎవరింట్లోనో పులిహోర చేస్తున్నారని వెనక ఎవరో అన్నారు.

కాగిన పసుపు వాసనకు రామచంద్రానికి తల్లి పళ్ళెం గుర్తొచ్చింది, వెంటనే ఈరన్న మాట గుర్తొచ్చింది. తన వైపు లేని బ్రేకును రెండు కాళ్ళతో తొక్కుతూ, "స్నేహా, నూనె తగలొద్దని ఈరన్న చెప్పిండు, నేను ఎవ్వలికి చెప్పలే. ఐసు గూడ బండి జారాలనే తెప్పించిన. నాకు భయం. నేను రాను" అన్నాడు. అద్దాలు దించి ఉన్నాయి కాబట్టి గల్లీ అంతా విన్నది. ఇన్నేళ్ళ కాపురంలో అతను అంత నిజం ఒక్క దమ్ములో చెప్పడం అదే మొదలు.

"సరే, ఊకోండ్రి జర" అన్నది స్నేహలత. గేరు తగ్గించింది. ఇంజను అరిచింది. ఇంకో గేరు తగ్గించింది. హ్యాండ్ బ్రేకు సగం పట్టీ పట్టక గింజుకుంది. నడక వేగానికి వచ్చాక, కడుతున్న అపార్ట్‌మెంటు ముందున్న ఇసుక కుప్పలోకి కారును మెత్తగా దూర్చింది.

పాలమూరు నుంచి వచ్చి అక్కడ పనిచేస్తున్న ఎంకయ్య, జల్లెడ పట్టుకుని కాసేపు చూశాడు. "పొద్దటి సంది జల్లించిన ఇసుక సారూ. బొట్టు పెట్టుకొని, దండేసుకొని మరీ వచ్చిన్రు" అన్నాడు.

స్నేహలత నవ్వింది. "మంచు మీద గూడ గింతే. బ్రేకును నమ్ముకుంటె జారుతరు, గేరుతోని ఆపుకోవాలె. పరీక్ష ఇక్కడనే అయిపోయింది" అన్నది. తర్వాత గొంతు తగ్గించి, "భయమైతుందని మొదలే చెప్తె నేనేమన్న అంటుంటినా?" అని అడిగింది.

సాయంత్రం ఈరన్న వచ్చి చక్రాలు విప్పి, ప్లేట్లు స్పిరిటుతో కడిగి, ప్యాడ్లు మళ్ళీ మార్చాడు. రామచంద్రం మెట్ల మీద కూర్చుని చూస్తున్నాడు. పాతికేళ్ళుగా తాను చదివినవన్నీ పడ్డవాళ్ళ కాయితాలే. క్షేమంగా వెళ్ళి క్షేమంగా తిరిగొచ్చినవాళ్ళు ఎవరూ ఆఫీసుకు ఆ సంగతి రాసి పంపరు. వాళ్ళెంతమందో అతనికి ఎన్నడూ తెలియలేదు. బ్రేకుల్లేని బండిలో అంత నిమ్మళంగా గేరు మార్చిన మనిషి పక్కన కూర్చోవడానికి తనకేం భయం? ఆ మాట అనుకోగానే ఒళ్ళంతా తేలికైంది, సిగ్గు కూడా వేసింది. అటక మీంచి పాత స్వెటరూ మంకీ క్యాపూ తీసి సంచిలో సర్దుకున్నాడు. స్నేహలత అప్పటికే పడుకుంది. పొద్దున చెబుదాంలే అనుకున్నాడు.

తెల్లారగట్ల సంచి పట్టుకుని బయటికి వచ్చేసరికి రెండో సీట్లో నర్సింహమ్మ కూర్చుని ఉంది. ఒంటి చుట్టూ శాలువా, ఒడిలో మామిడికాయ తొక్కు సీసా.

"నువ్వు రానంటివి గద బిడ్డా, గల్లీ అంత విన్నది. నిన్న గా ఐసు ముక్క అరచేతిల వట్టుకున్న. గింత ముక్కనే గట్లుంటె, కొండకు కొండ ఎట్లుంటదో చూడాలనిపించింది. స్నేహ వస్తవా అత్తమ్మా అన్నది. వస్తనన్న."

"అడగంగనే అన్నవా?"

"అడిగినంక ఇంకేమంటరురా?"

స్నేహలత అతని చేతిలోని సంచిని చూసింది. "ఆ సంచేంది?" అని మెల్లగా అడిగింది.

చెప్పేయాలనే అనుకున్నాడు. మాట నాలుక దాకా వచ్చింది కూడా. "అమ్మకు స్వెటరు. చలి పెడ్తది గదా" అని సంచి కిటికీలోంచి అందించాడు.

కారు కదిలింది. రామచంద్రం గేటు దగ్గరే నిలబడ్డాడు. గల్లీ చివర వెనక ఎర్ర దీపాలు వెలిగాయి, కారు ఆగింది. తన కోసమేననుకుని అతను చెప్పులు కూడా లేకుండా సగం గల్లీ పరుగెత్తాడు. మెయిన్ రోడ్డు మీద నీళ్ళ ట్యాంకరు ఒకటి దాటిపోయింది, కారు కుడివైపు తిరిగి వెళ్ళిపోయింది.

బ్రేకులు మాత్రం బాగా పట్టాయి.